సిగరెట్ మానేశాక మిగిలిపోయిన యావకు హిప్నాసిస్: నాకు ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు

సిగరెట్ మానేసి తొమ్మిది నెలలైంది, మళ్ళీ ఒక్కటి కూడా ముట్టలేదు, అయినా రోజుకు మూడు నాలుగుసార్లు మనసు లాగేస్తోంది, హిప్నాసిస్‌తో పోతుందా, ఆడియోలు వింటే సరిపోతుందా అని అడిగారు. నేను చేయించుకున్నానండీ, అదీ రెండుచోట్ల. మొదటి చోట డబ్బు దండగ అయింది. రెండో చోట పనికొచ్చింది, పూర్తిగా మాత్రం కాదు. తేడా ఎక్కడుందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను.

నేను పదిహేడేళ్ళు తాగాను. మామూలుగా రోజుకు పదిహేను, టెన్షన్‌గా ఉన్న రోజు ప్యాకెట్ ఖాళీ. ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లతో మానేశాను. 21 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 14, ఆ తర్వాత 7, ఆపైన ఏమీ లేదు. మొదటి మూడు రోజులు ఇంట్లో ఎవరూ నా ముందుకు రాలేదు. మూడు నాలుగు వారాలకు ఒళ్ళు కుదుటపడింది. నికోటిన్ ఒంట్లో ఎక్కువ కాలం నిలిచేది కాదు కదా, రెండు గంటలు తిరిగేసరికి రక్తంలో సగానికి పడిపోతుంది. ప్యాచ్‌లు కూడా ఆపేసి నెలలు గడిచాయి. మరి పదకొండో నెలలో నా చేయి చొక్కా జేబు తడుముకోవడం ఏమిటి?

ఒకసారి లెక్క వేసి చూశాను. రోజుకు పదిహేను, ఒక్కో సిగరెట్‌కు పది దమ్ములు అనుకున్నా ఏడాదికి 54,750. పదిహేడేళ్ళకు తొమ్మిది లక్షలు దాటింది. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. అంటే ఫోన్, మెట్లు, వాన, కారు స్టీరింగ్, ఇలా చుట్టూ ఉన్నవాటన్నిటితో సిగరెట్‌కు ముడి వేస్తూ తొమ్మిది లక్షల సార్లు మెదడుకు పాఠం చెప్పానన్నమాట. రక్తంలోంచి నికోటిన్ పోయింది, ఆ ముడులు మాత్రం అలాగే ఉన్నాయి. మీకు మిగిలినది కూడా బహుశా ఇదే. హిప్నాసిస్ లాంటిది ఏమైనా చేయగలిగితే ఇక్కడే చేయగలదని నా అభిప్రాయం. మొదటి వారం నరకాన్ని అది తప్పిస్తుందంటే నేను నమ్మను.

మొదట వెళ్ళినాయన 'ఒక్క సిటింగ్, గ్యారంటీ' అన్నాడు. వెనక్కి వాలే కుర్చీ, మెల్లని సంగీతం, ఇరవై నుంచి ఒకటి దాకా లెక్క. ఆ తర్వాత, మీ ఊపిరితిత్తుల నిండా నల్లటి తారు పేరుకుంది, ఇకమీదట సిగరెట్ వాసన వస్తే మీకు కాలిన రబ్బరు గుర్తొస్తుంది అంటూ అరగంట చెప్పాడు. హాయిగానే ఉంది, కాసేపు కునుకు కూడా తీశాను. కానీ నేను అప్పటికే మానేసినవాణ్ణి. ఆయన చెప్పిందంతా ఇంకా తాగేవాడికి చెప్పే పాఠం. మీకు ఎప్పుడు తాగాలనిపిస్తుంది అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు రాత్రి కలలో సిగరెట్ తాగేశాను. లేచి అరచేతులు వాసన చూసుకున్నాను, నిజంగా తాగానేమోనని. (మానేసినవాళ్ళకు ఈ కల మామూలేనని తర్వాత తెలిసింది. మీకూ వస్తుంటే కంగారుపడకండి.) ఆ రోజంతా యావ రెట్టింపైంది. ఆయనకు ఫోన్ చేస్తే 'మీ మనసు సహకరించలేదు' అన్నాడు. పనిచేస్తే ఆయన గొప్ప, చేయకపోతే నా లోపం! ఇలాంటి గ్యారంటీని ఎవరైనా ఇవ్వగలరు.

ఆ తర్వాత రెండు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. నిద్ర సరిగ్గా పట్టడం లేదని ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళినప్పుడు మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆవిడ హిప్నాసిస్ కూడా చేస్తారట, అయితే తన చికిత్సలో అదొక భాగం మాత్రమే అన్నారు. ముందుగా మూర్ఛలు ఉన్నాయా, మానసిక సమస్యలకు మందులు వాడుతున్నానా అని అడిగారు. ఆపైన నేను ఊహించని మాట చెప్పారు. వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019లో 14 అధ్యయనాలను, మొత్తం 1,926 మంది వివరాలను పరిశీలించిందట. సిగరెట్ మాన్పించడంలో హిప్నాసిస్ మిగతా కౌన్సెలింగ్ పద్ధతుల కన్నా మెరుగైనదని చెప్పడానికి తగిన ఆధారం దొరకలేదట. 'ఇది తెలిసే చేయించుకోవాలి, సరేనా?' అన్నారు. ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

హిప్నాసిస్ అంటే నిద్ర అనుకుంటాం. ఆ అపోహకు పేరే కారణం. 1840లలో జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాటిష్ సర్జన్ గ్రీకుల నిద్రదేవత పేరు మీదుగా ఆ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. కొన్నేళ్ళకే ఇది నిద్ర కాదని ఆయనకే అనిపించి, ఒకే ఆలోచన మీద మనసు నిలవడం అనే అర్థం వచ్చే ఇంకో పేరు పెట్టబోయాడు, కానీ అప్పటికే పాత పేరు పాతుకుపోయింది. నా అనుభవం కూడా రెండో పేరుకే దగ్గరగా ఉంది. ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది, బయట ఎవరో తలుపు వేసిన చప్పుడూ వినిపించింది. లేవాలనుకుంటే లేవగలను, లేవాలని అనిపించలేదంతే.

అందరికీ ఇది ఒకేలా పట్టదు. నాకు ఎంత పడుతుందో చూడటానికి ఆవిడ, మీ మణికట్టుకు బెలూన్ కట్టారని ఊహించుకోండి అంటే నా చేయి జానెడు పైకి లేచింది. చెవి దగ్గర ఈగ తిరుగుతోంది అంటే మాత్రం ఈగా లేదు, ఏమీ లేదు. నేను మధ్యరకమట, ఎక్కువమంది అంతేనట. 'బాగా పట్టేవాళ్ళు కొద్దిమంది, అసలు పట్టనివాళ్ళూ కొద్దిమంది' అన్నారు.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. మొదటి రోజు ఆవిడ హిప్నాసిస్ చేయనేలేదు. ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నారు. యావ వచ్చిన ప్రతిసారీ టైమ్ ఎంత, దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, పదికి ఎంత గట్టిగా ఉంది, ఎంతసేపు ఉంది, ఈ నాలుగూ వారం పాటు రాయమన్నారు. భోజనం అయ్యాక వస్తుంది, రాయడం ఎందుకండీ అన్నాను. 'రాసి చూడండి' అన్నారు.

వారంలో 31 సార్లు. భోజనం తర్వాత వచ్చినవి రెండే రెండు! 19 సార్లు ఫోన్ పెట్టేసిన మరుక్షణం వచ్చింది. ఆరు సార్లు సాయంత్రం కారులో ఒంటరిగా ఉన్నప్పుడు. మిగిలినవి చెల్లాచెదురు. అన్నిటికన్నా ఎక్కువసేపు ఉన్నది నాలుగు నిమిషాలు. గంటల తరబడి వేధిస్తోందని అందరికీ చెప్పుకుంటూ తిరిగిన నాకు ఆ నాలుగు చూసి సిగ్గేసింది.

ఫోన్ ఎందుకు? తవ్వితే తేలింది. కష్టమైన కాల్ వస్తే ఆఫీసులో మెట్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడేవాణ్ణి. అవతలివాళ్ళు పెట్టేయగానే వెలిగించేవాణ్ణి. పదిహేడేళ్ళలో ఆ ఐదు నిమిషాలు తప్ప ఆఫీసులో నా కోసం నేను బయట నిలబడింది లేదు. మానేశాక సిగరెట్‌తో పాటు ఆ ఐదు నిమిషాలూ పోయాయి. కాల్ అయిపోగానే నేరుగా కంప్యూటర్ ముందుకు వచ్చి కూర్చుంటున్నాను. సగం యావ పొగ కోసం కాదు, బయటికి పోవడానికి.

రెండో సెషన్ నుంచి దాని మీదే పనిచేశారు. కళ్ళు మూయించి, ఊపిరి నెమ్మదించాక, 'ఫోన్ పెట్టేశారు. ఇప్పుడు మీ చేయి ఎటు పోతోంది?' అనేవారు. మామూలుగా పది సెకన్లలో జరిగిపోయేదాన్ని పది నిమిషాలు సాగదీసి చూపించారు. ముందు గొంతులో చిన్న బిగింపు, తర్వాత కుడిచేతి రెండు వేళ్ళ మధ్య ఏదో ఉన్నట్టు, ఆ తర్వాత భుజం కదలడం. వెలిగించకుండా దాన్ని పెరగనిచ్చి, తగ్గనిచ్చి, మళ్ళీ ఫోన్ దగ్గరికి తీసుకెళ్ళేవారు. బొటనవేలు, ఉంగరపు వేలు కలిపి నోటితో పొడుగ్గా ఊపిరి వదలడం, యావ వచ్చినప్పుడు చేయాల్సిన గుర్తుగా పెట్టారు. కాలిన రబ్బరు లేదు, తారు లేదు. ఆవిడ వాడిన మాటలన్నీ నేను చెప్పినవే: మెట్లు, గాలి, ఐదు నిమిషాలు.

హెర్బర్ట్ స్పీగెల్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1970లో ప్రచురించిన పద్ధతి కూడా ఒకసారి చేయించారు. పొగ ఒంటికి విషం, బతకాలంటే ఈ ఒళ్ళు కావాలి, దీన్ని కాపాడుకునే బాధ్యత నాదే అని మూడు మాటలు మనసులో అనుకోవాలి. నన్ను మాత్రం అది పెద్దగా కదిలించలేదు.

మొత్తం నాలుగు సెషన్లు. ఇంట్లో రోజూ పది నిమిషాలు నాకు నేనే చేసుకోవాలి. ఒక చుక్క మీద చూపు నిలిపి, రెప్పలు బరువెక్కాక మూసుకుని, మెట్లు దిగుతున్నట్టు పది నుంచి ఒకటి దాకా లెక్కపెట్టి, ఫోన్ ఘట్టం ఒకసారి నడిపించుకుని, ఐదు దాకా లెక్కపెట్టి పైకి రావడం. మొదటి రెండు వారాలు ఇదేదో నాటకంలా అనిపించింది. మూడో వారంలో ఒకరోజు కాల్ పెట్టేశాక నా వేళ్ళు వాటంతట అవే కలిశాయి. అది చూసుకుని నేనే ఆశ్చర్యపోయాను.

నోట్‌బుక్ వల్ల ఇంకొకటి బయటపడింది. సాయంత్రం వచ్చేవాటిలో కొన్నిటికి ముందు మూడో కాఫీ ఉంది. గుండె దడ, చేతుల్లో వణుకు, అదంతా సిగరెట్ యావే అనుకునేవాణ్ణి. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను త్వరగా కరిగించే ఎంజైమ్‌ను పెంచుతాయట. సిగరెట్ మానగానే ఆ వేగం పడిపోతుంది. అదే కాఫీ తాగుతున్నా కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. కాఫీ సగానికి తగ్గించాక ఆ దడ పోయింది. ఇందులో హిప్నాసిస్ గొప్పేమీ లేదు.

కారు దగ్గర మాత్రం హిప్నాసిస్ చేతులెత్తేసింది. ఎన్నిసార్లు చేసినా సాయంత్రం స్టీరింగ్ పట్టుకుంటే నోరు పీకేది. మూడో సెషన్‌లో ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగితే అప్పుడు ఒప్పుకున్నాను. డాష్‌బోర్డు అరలో లైటర్ ఉంది. మానేసిన రోజు నుంచీ ఉంది. ఎందుకు ఉంచానంటే ఏం చెప్పను? 'ఎందుకైనా మంచిదని'. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు, ఇంటికి వెళ్ళగానే తీసేయమన్నారు. తీసేయడానికి నాకు ఇంకో వారం పట్టింది. తీసేశాక కారు యావ కూడా నెమ్మదించింది.

రెండు నెలలకు వారానికి 31 కాస్తా ఏడుకు వచ్చింది. ఇప్పుడు నెలకు ఒకటో రెండో. మధ్యలో ఒకసారి స్నేహితుడి పక్కన నిలబడి రెండు దమ్ములు లాగాను, అదీ చెప్పాలి. తల గిర్రున తిరిగింది. ఆవిడకు చెప్తే 'అదీ రాయండి' అన్నారంతే. రాశాను, మళ్ళీ ముట్టలేదు.

ఇదంతా హిప్నాసిస్ వల్లేనా అంటే గుండె మీద చేయి వేసుకుని చెప్పలేను. కాలం కూడా తన పని తాను చేసుకుపోయి ఉంటుంది. మా ఆవిడయితే నోట్‌బుక్ వల్లే తగ్గిందనీ, కుర్చీలో పడుకోవడం వల్ల కాదనీ అంటుంది. ఆమెకు నా దగ్గర సమాధానం లేదు. నాకు తెలిసిందల్లా, ఆ ఫోన్ ఘట్టాన్ని అంత నిదానంగా చూడటం కళ్ళు తెరుచుకుని ఉన్నప్పుడు నా వల్ల కాలేదు.

మీ ఆడియోల సంగతి. విశ్రాంతికి మంచివే, కానీ అవి నేను మొదట వెళ్ళినాయనలాంటివే, మీ గురించి వాటికేమీ తెలియదు. నేను సెషన్లు అయ్యాక నా మాటలతో, నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను, అది నయం. ఏ ఆడియో అయినా డ్రైవింగ్‌లో మాత్రం వినకండి. ఎవరి దగ్గరికైనా వెళ్ళాలనుకుంటే సైకాలజీలోనో వైద్యంలోనో అసలు చదువున్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి, గ్యారంటీ అన్నవాళ్ళ గుమ్మం తొక్కకండి. యావతో పాటు దిగులు, నిద్రలేమి ఉంటే, లేదా రేపో మాపో మళ్ళీ మొదలుపెట్టేస్తానేమో అన్నంత గట్టిగా ఉంటే, ముందు డాక్టర్‌ను కలవండి. నికోటిన్ గమ్, వరెనిక్లిన్ (సిగరెట్ మానడానికి ఇచ్చే మాత్ర) లాంటి వాటికి హిప్నాసిస్ కన్నా చాలా గట్టి ఆధారం ఉంది.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక్క వారం నోట్‌బుక్‌లో ఆ నాలుగు వివరాలూ రాసి చూడండి. ఎక్కువ భాగం ఒకటి రెండు సందర్భాల దగ్గరే పోగుపడితే హిప్నాసిస్‌కు పట్టు దొరుకుతుందని నా అనుభవం. చెల్లాచెదురుగా ఉంటే నేనైతే వెళ్ళను. వీలైతే ఆ వారం లెక్క ఇక్కడే రాయండి, చూసి నాకు తోచింది చెప్తాను. అన్నట్టు, లైటర్ ఎక్కడైనా దాచి ఉంటే అది కూడా రాయండి.