స: పొమేరియన్ కుక్క రెండు రోజులు ‘సిట్’ (కూర్చో) అంటే విని, ఇప్పుడు మొహం తిప్పేసుకుంటోంది

పెరుగన్నం పెట్టాక ‘సిట్’ నేర్పుతున్నామని మీ ప్రశ్నలో అన్నారు కదా, కారణం అదే అయ్యుంటుంది. కడుపు నిండాక బిస్కెట్ మీద ఆశేం ఉంటుంది? పైగా పగలు 11 గంటలకు, మన నెల్లూరు ఎండలో, అంత బొచ్చుతో. పాపం.

1. పొద్దున్నే, తిండి పెట్టకముందు నేర్పండి. 3 నిమిషాలు చాలు.

2. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, బఠాణీ గింజంత ముక్కలు. ఉల్లిపాయ మాత్రం తగలనివ్వకండి, కుక్కలకు అది విషం.

3. చాలామంది వదిలేసేది ఇదే. పిర్ర నేలకు ఆనిన క్షణంలోనే ‘భలే’ అనాలి, వెంటనే ముక్క నోటికి అందాలి. మీరు డబ్బా మూత తీసేలోపు అది లేచి నిలబడుతుంది. లేచినందుకే ముక్క దొరికిందనుకుంటుంది. అందుకే ముక్కను ముందే గుప్పిట్లో పెట్టుకోండి. ఒంగోలులో మా చిన్న కుక్క ఈ ఒక్క మార్పుతోనే దారికొచ్చింది.

4. ‘సిట్’ ఒక్కసారే అనండి. కూర్చోకపోతే ముక్కను దాని ముక్కు దగ్గర నుంచి తల మీదుగా మెల్లగా వెనక్కి జరపండి. తల పైకెత్తితే నడుము దానంతటదే దిగుతుంది.

ఇంకా చేయాలని హుషారుగా ఉన్నప్పుడే ఆపేయండి. ‘సిట్’ బాగా కుదిరాకే షేక్‌హ్యాండ్. అరవకండి, దెబ్బ అసలే వద్దు.