ముఖాముఖికి వెళ్లే ముందు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరులో మీ బడి పత్రిక కోసం నువ్వూ నీ స్నేహితులూ ఒక కథకుణ్ణి కలవబోతున్నారని, అడగదలచిన ప్రశ్నలు చూసి సలహా చెప్పమని నువ్వు రాసిన ఉత్తరం అందిందమ్మా. ప్రశ్నలన్నీ చదివాను. వాటిలో చాలావరకు ఆయన పుస్తకం ఒక్కటి కూడా చదవకుండానే అడగగలిగినవి. స్ఫూర్తి ఎవరు, యువతకు సందేశమేమిటి అన్నవాటికి ఆయన దగ్గర ఎన్నో సభల్లో చెప్పిన జవాబులు సిద్ధంగా ఉంటాయి. వాటినే మీకూ మర్యాదగా చెప్పి పంపిస్తారు.

ప్రశ్న పుస్తకంలోని ఒక పుట నుంచి పుట్టాలి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టిన కేశవరెడ్డిగారినే తీసుకో. 'అతడు అడవిని జయించాడు' నవలలో ఒక ముసలివాడు తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళతాడు. కథ దాదాపుగా ఆ ఒక్క రాత్రి, ఆ అడవిలోనే నడుస్తుంది. ఆ నవల రాసినాయన వైద్యుడు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు చికిత్స చేసినవాడు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, అంత దూరాన ఉండి ఈ నేలనూ ఇక్కడి మనుషులనూ ఎలా మనసులో నిలుపుకున్నారు, ఒక్క రాత్రికే కథను కట్టడి చేయాలని మొదటే అనుకున్నారా అని అడగాలనిపించదా? ఆయన 2015లో కన్నుమూశారు కనుక ఆ ప్రశ్నలకు ఇక జవాబు రాదు. మీరు కలవబోయే కథకుడు మన మధ్యనే ఉన్నారు. మీ పనిని నేను ఇంత పట్టించుకోవడానికి కారణం అదే.

రచనా జీవితం గురించి అడగదలిస్తే ఆయన దినచర్యలోకి వెళ్లు. మధురాంతకం రాజారాంగారు బడిపంతులుగా పనిచేస్తూనే విస్తారంగా కథలు రాశారు. 1993లో సాహిత్య అకాదెమీ పురస్కారం అందుకున్నారు. అటువంటి రచయితను పురస్కారం వచ్చినప్పుడు ఏమనిపించిందని అడిగితే ఒకటి రెండు వాక్యాలకు మించి రావు. పాఠాలు చెప్పి, జవాబుపత్రాలు దిద్ది, ఇంటి పనులు చూసుకున్నాక రాయడానికి ఏ వేళ మిగిలేది, పత్రిక నుంచి తిరిగివచ్చిన కథను ఏం చేసేవారు, అచ్చుకు ముందు ఏ భాగం కొట్టేశారు అని అడిగితే మాట్లాడవలసినది చాలా ఉంటుంది.

ఇంకొకటి. మీ వయసుకు ఒక చనువు ఉంది. 'ఈ కథ ముగింపు నాకు నచ్చలేదండీ, ఎందుకలా ముగించారు?' అని మేము అడిగితే అది విమర్శ అవుతుంది; పదో తరగతి పిల్ల అడిగితే ఆయన నిజంగా ఆలోచించి చెబుతారు. పుస్తకం శ్రద్ధగా చదివిన తరువాత మాత్రమే ఆ చనువు తీసుకో. ఆయన జవాబు మధ్యలో ఆగితే వెంటనే తరువాతి ప్రశ్న అందుకోవద్దు. అసలు సంగతి తరచుగా ఆ కాస్త ఆగిన తరువాతే వస్తుంది.

ఫోనులో రికార్డు చేసుకోవడానికి ముందే అనుమతి అడుగు. విని రాసుకునేటప్పుడు ఆయన 'రాస్తా ఉండా' అంటే దాన్ని 'రాస్తూ ఉన్నాను' అని దిద్దకు. నామిని సుబ్రమణ్యం నాయుడుగారు ఈ జిల్లా పల్లెల మాటను కథల భాషగా నిలబెట్టారు. అదే జిల్లాలో మనం మన రచయిత నోటి మాటను పాఠ్యపుస్తకపు తెలుగులోకి మార్చడం నాకు అన్యాయంగా తోస్తుంది. పేర్లు, సంవత్సరాలు సరిచూడమని అచ్చుకు ముందు ఒక ప్రతి ఆయనకు చూపించు.

ఆరేడు ప్రశ్నలు చాలు. ఆయన కథలు మళ్లీ చదివి కొత్త జాబితా పంపించు. ప్రతి ప్రశ్న పక్కనా అది ఏ కథలో, ఏ పుటలో నీకు తోచిందో రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు