రిపేరుకు వస్తువు తీసుకునే ముందు

చి. వాసుకి పెదనాన్న ఆశీస్సులు.

సొంతంగా కెమెరాల రిపేరు మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. పనిలో నీకు నేను చెప్పేదేమీ లేదు. ఇన్నేళ్లు కోర్టు చుట్టూ తిరిగినవాణ్ని కాబట్టి చట్టం సంగతి మాత్రం చెప్తాను.

ఎవరైనా కెమెరా నీ చేతిలో పెట్టి, బాగయ్యాక వచ్చి తీసుకుంటానన్నారంటే, కామన్ లా, అంటే ఇంగ్లండు కోర్టుల తీర్పుల నుంచి పుట్టిన చట్టం, దాన్ని బెయిల్‌మెంట్ అంటుంది. వస్తువు వాళ్లదే, నీ దగ్గరున్నంత కాలం దాని బాధ్యత నీది. కాగితం రాసుకోకపోయినా, డబ్బు తీసుకోకపోయినా అంతే. 1703 నాటి కాగ్స్ వర్సెస్ బెర్నార్డ్ కేసులో బెర్నార్డ్ బ్రాందీ పీపాలను ఒక నేలమాళిగ నుంచి మరోదానికి చేరుస్తానని ఒప్పుకున్నాడు. దించేటప్పుడు అజాగ్రత్త వల్ల ఓ పీపా పగిలి బ్రాందీ నేలపాలైంది. ఊరికే చేసిపెట్టాడన్న వాదన అతన్ని కాపాడలేదు. అందుకని స్నేహితుడి కెమెరానే కదా అని తేలిగ్గా తీసుకోకు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది రుజువు సంగతి. వస్తువు నీ దగ్గర పోతే నీది నిర్లక్ష్యమని వాళ్లు నిరూపించక్కర్లేదు, తగిన జాగ్రత్త తీసుకున్నానని నువ్వే చూపించాలి. 1962లో హౌలాండ్ కేసులో బస్సులో వేసిన సూట్‌కేసు పోయింది. ఎలా పోయిందో బస్సు కంపెనీ చెప్పలేకపోయింది, నష్టపరిహారం కట్టాల్సి వచ్చింది. కాబట్టి కెమెరా ఇచ్చిన మనిషి ఎదురుగా ఉండగానే అన్నీ రాసుకో. సీరియల్ నంబరు, లెన్స్ అంచున గీత ఉంటే అది ఏ పక్కన ఉంది, బ్యాటరీ మూత వదులుగా ఉందా, బెల్టు ఉందా, అన్నీ. ఫొటోలు తీసి వాళ్లకీ పంపు. మెమరీ కార్డు అక్కడికక్కడే తీసి వాళ్ల చేతికిచ్చెయ్. అందులో ఎవరి పెళ్లి ఫొటోలున్నాయో నీకు తెలియదు. ‘కండిషన్ బాగుంది’ అని ఒక్క ముక్క గీకి పడేస్తే, రేపు ఆ ముక్కే నీకు ఎదురు తిరుగుతుంది.

ఎక్కడ ఉంచుతానని చెప్తే అక్కడే ఉంచు. 1881 నాటి లిల్లీ వర్సెస్ డబుల్‌డే చూడు. ఒకతను ఫలానా గోదాములో పెడతానని సరుకు తీసుకుని, కొంత వేరేచోట పెట్టాడు. అక్కడ అగ్నిప్రమాదం జరిగింది. అతని నిర్లక్ష్యమేమీ లేదు, అయినా మాట తప్పి చోటు మార్చాడు కాబట్టి నష్టం అతని మీదే పడింది. ఆలస్యం కూడా అలాంటిదే. 1917లో ఓ బైండరు, పుస్తకాలు తిరిగి ఇమ్మని అడిగినా తగిన సమయంలో ఇవ్వలేదు. ఈలోగా షాపు తగలబడింది. కట్టుకోక తప్పలేదు. నీకు పది రోజులు పట్టే పనికి వారం అని చెప్పొద్దు. ఇంకో షాపుకి పంపాల్సి వస్తే ముందు అడుగు.

మనిషిని పెట్టుకునేటప్పుడు తొందరపడకు. 1965లో మోరిస్ కేసులో, శుభ్రం చేయడానికిచ్చిన ఖరీదైన బొచ్చు శాలువాను ఆ పని అప్పజెప్పిన ఉద్యోగే ఎత్తుకుపోయాడు. దొంగ అతనే అయినా బాధ్యత కంపెనీదే అన్నారు.

రసీదు వెనక చిన్నక్షరాల్లో ‘మాకు బాధ్యత లేదు’ అని వేసి ధీమాగా ఉండకు. 1940లో అద్దె కుర్చీ గుడ్డ చిరిగి పడినతనికి నష్టపరిహారం రావడానికి టికెట్ మీది అలాంటి షరతు అడ్డు రాలేదు. షరతులుంటే కెమెరా తీసుకోకముందే చెప్పు.

నీ హక్కు కూడా తెలుసుకో. బాగుచేసిన కూలి ఇచ్చేదాకా కెమెరాను నీ దగ్గరే ఆపుకోవచ్చు. ఊరికే దాచిపెట్టినందుకు మాత్రం, ముందే ఒప్పుకుంటే తప్ప, ఆ హక్కు రాదు.

రసీదు పుస్తకం ప్రింటుకిచ్చే ముందు నమూనా నాకు పంపు, చదివి చెప్తాను.

మీ పెదనాన్న