రక్తపరీక్ష దగ్గరే ఆగిపోకు

చెల్లెమ్మా,

థైరాయిడ్, మెదడు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది. కానీ వ్యాసమంతా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) రక్తపరీక్ష రిపోర్టు చుట్టూనే తిరిగింది. అసలు కథ హార్మోన్ రక్తం దాటాకే మొదలవుతుంది.

థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా వదిలే హార్మోన్ టీ4. కణాల్లో గట్టిగా పనిచేసేది టీ3. మెదడు తనకు కావలసిన టీ3లో చాలా భాగాన్ని అక్కడికక్కడే తయారుచేసుకుంటుంది. న్యూరాన్ల (నాడీకణాల) పక్కనుండే ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల్లో డీ2 అనే ఎంజైమ్ టీ4 నుంచి ఒక అయోడిన్‌ను తీసేస్తుంది, టీ3 వస్తుంది. అది న్యూరాన్‌లోకి చేరాక, అక్కడి డీ3 ఇంకో అయోడిన్‌ను ఊడదీసి దాన్ని పనిచేయకుండా చేస్తుంది. ఈ హార్మోన్ అణువులో రెండు వలయాలుంటాయి: బయటి వలయంలోని అయోడిన్ పోతే హార్మోన్‌కు జోరు, లోపలి వలయంలోది పోతే నిస్సత్తువ. రక్తంలో టీ4 తగ్గితే మెదడులో డీ2 పని పెరుగుతుంది, ఆ లోటు కొంతైనా పూడుతుంది. ఎంత అందమైన ఏర్పాటో చూడు! నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. రెండు పేరాలు రాసినా ఎక్కువ కాదు.

తర్వాత ఎంసీటీ8 గురించి రాయి. 1944లో అలన్, హెర్ండన్, డడ్లీ ఒకే కుటుంబంలోని మగవాళ్లలో బుద్ధిమాంద్యం, కండరాల బలహీనత చూసి నమోదు చేశారు. హార్మోన్‌ను కణంలోకి దాటించే ఎంసీటీ8 ప్రొటీన్ లోపమే దీనికి మూలమని 2004-05లో గానీ తేలలేదు. ఈ పిల్లల రక్తంలో టీ3 ఎక్కువగానే ఉంటుంది, మెదడు మాత్రం పస్తులుంటుంది. రిపోర్టు ఒక్కటే చూసి మెదడు సంగతి చెప్పలేమని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలీదు.

ఈ ఎంసీటీ8ను తయారుచేసే జన్యువును ఎలుకల్లో తీసేస్తే రక్తంలో మార్పులు అచ్చం అలాగే వచ్చాయి, మెదడు మాత్రం అంతగా దెబ్బతినలేదు. వాటి మెదడు రక్తనాళాల గోడల్లో టీ4ను లోపలికి పంపే ఓఏటీపీ1సీ1 అనే మరో ప్రొటీన్ పుష్కలంగా ఉంటుంది. మనకది అక్కడ చాలా తక్కువ. అందుకే "ఎలుకల్లో" అన్న మాటను ఎప్పుడూ మింగేయకు. నీ మూడో పేజీలో అది రెండుచోట్ల ఎగిరిపోయింది.

ఇంకొకటి. రోజూ పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు నీ వ్యాసం చదువుతారు. "నా మాత్ర మెదడుకు చేరదా?" అని టెన్షన్ పడతారు. ఎంసీటీ8 లోపం చాలా అరుదనీ, పుట్టుకతో వచ్చేదనీ, వాళ్లు వేసుకునే మాత్ర టీ4యేననీ, దాన్నుంచి మెదడు టీ3 చేసుకుంటుందనీ అక్కడికక్కడే చెప్పు. చివర్లో చెబుదామని దాచకు, అంతదాకా చదవకుండా మాత్ర మానేసేవాళ్లుంటారు.

ఆ పేరాలు రాశాక మళ్లీ పంపు.

మీ అన్నయ్య