కొండనాలుక పక్కకు ఒరిగిందంటే

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పొదిలి దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 26 ఏళ్లు. పొగాకు బ్యారన్ పనుల్లో ఉండగా గొంతు నొప్పి మొదలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు టాన్సిల్స్ అని బిళ్లలిచ్చి, పూటకో ఇంజెక్షన్ చేశారు. మా పెద్దమ్మ గొంతు మీద సున్నం, బెల్లం పట్టు వేసింది. తగ్గలేదు. నోరు తెరవలేక, ఉమ్మి కూడా మింగలేక చొంగ కారుస్తుంటే ఒంగోలు తీసుకెళ్లాం. అక్కడ సూదితో చీము లాగారు. ఇప్పుడు బాగానే తింటున్నాడు. ఇంజెక్షన్లు పడ్డాక కూడా చీమెందుకు పట్టింది? ఆపరేషన్ చేయించకపోతే మళ్లీ వస్తుందా? చేయిస్తే గొంతు మారిపోతుందని అందరూ టెన్షన్ పెడుతున్నారు.

జవాబు: పెద్దమ్మ పట్టు చర్మం మీద వేసింది తల్లీ. చీము పట్టింది లోపల, టాన్సిల్ వెనక. టాన్సిల్ చుట్టూ పల్చటి పొర ఉంటుంది, దాని వెనక గొంతు గోడ కండరం. ఆ రెండింటి మధ్య వదులుగా ఉండే చోట చీము చేరుతుంది, ఎక్కువగా ఒక పక్కనే. అది టాన్సిల్‌ను ముందుకి, లోపలికి నెడుతుంది. కొండనాలుక అవతలి పక్కకు ఒరుగుతుంది. దవడ కండరం దాన్ని ఆనుకునే ఉంటుంది కాబట్టి అది బిగుసుకుని నోరు తెరుచుకోదు.

ఇలాంటి వాళ్లు గదిలోకి రాగానే, టార్చి వేయకముందే నాకు అనుమానం వస్తుంది. వేడి వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంటుంది గొంతు. చేతిలో ఉమ్మి తుడుచుకునే తువ్వాలు. అదే పక్క చెవిపోటు కూడా ఉంటుంది. అందుకని చెవిలో చుక్కలు వేయించుకుని వచ్చేవాళ్లున్నారు, జ్ఞానదంతం అనుకుని పళ్ల డాక్టర్ దగ్గర కూర్చునేవాళ్లూ ఉన్నారు.

ఇక ఇంజెక్షన్ల సంగతి. అవి ఏం ఇంజెక్షన్లో మీరు రాయలేదు. చీటీ లేకుండా చేసేవి చాలాసార్లు జ్వరం, నొప్పి తగ్గించేవే అయి ఉంటాయి. పూట గడుస్తుంది, లోపల పని ఆగదు. సరైన యాంటీబయాటిక్ పడినా కొందరికి గడ్డ కడుతుంది, అది ఎవరి తప్పూ కాదు. అయితే చీము ఒకచోట నిలిచాక రక్తంలో వచ్చే మందు దాని మధ్యకు చాలినంత చేరదు. బయటికి తీయాల్సిందే. గొంతులో మత్తు స్ప్రే కొట్టి, మనిషిని కూర్చోబెట్టి సూదితో లాగుతాం, లేదా చిన్న గాటు పెడతాం. చూడటానికి భయంగా ఉంటుంది గానీ, చాలామంది ఆ పూటే మంచినీళ్లు తాగగలుగుతారు. మీ తమ్ముడు బాగానే తింటున్నాడన్నారు కదా, చాలామంది పొరపాటున మందులు మానేసేది సరిగ్గా ఇలాంటప్పుడే. మీరు మాన్పించొద్దు. పది రోజులకో, రెండు వారాలకో రాసిచ్చిన కోర్సు పూర్తి చేయించండి.

మళ్లీ వస్తుందా అంటే, నూటికి పది పదిహేను మందికి వస్తుంది. మిగతావాళ్లకు రాదు. అందుకే ఒక్కసారి గడ్డ కట్టిందని అందరికీ టాన్సిల్స్ తీయం. ఇది రెండోసారైనా, అంతకుముందు నుంచే ఏటా పదే పదే టాన్సిల్స్ వాచి మంచాన పడుతున్నా తీయించడం మేలు. వాపంతా తగ్గాక, సాధారణంగా ఆరు వారాల తర్వాత చేస్తారు. మొదటిసారే అయితే తొందరేం లేదు, కనిపెట్టి ఉండండి.

గొంతు పోవడం మాత్రం ఉత్త భయం. మాట పుట్టేది కింద స్వరపేటికలో, టాన్సిల్‌లో కాదు. కొన్నాళ్లు మాట కాస్త వేరుగా వినిపిస్తుంది, అంతే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతను మనవాళ్లు ఈ ఆపరేషన్‌కు తగిలిస్తారు. నిజంగా చెప్పాల్సినవి ఎవరూ చెప్పరు: పెద్దవాళ్లకు నొప్పి వారం పది రోజులు గట్టిగానే ఉంటుంది, రెండు వారాల దాకా రక్తం కారే ప్రమాదం ఉంటుంది. ఆ రోజుల్లో ఆసుపత్రికి దూరంగా ఉండకూడదు.

పొగాకు పండించే ఇంటికి ఈ మాట రాయడం నాకూ ఇబ్బందే. తమ్ముడు సిగరెట్ కాలుస్తాడా? కాల్చేవాళ్లలో ఈ గడ్డలు ఎక్కువ. చిగుళ్ల జబ్బుంటే అదీ చూపించండి.

ప్రశ్న: నాకు ఇలాగే గొంతు ఒక పక్క వాచింది. నిన్న రాత్రి దానంతట అదే పగిలి, చీము ఉమ్మేశాను. నొప్పి పోయింది. ఇంకా డాక్టర్ దగ్గరికి వెళ్లాలా? (కావలి)

జవాబు: ఈరోజే వెళ్లండి. మీ అదృష్టం, అది మెలకువలో పగిలింది. నిద్రలో పగిలితే చీము ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పైగా పూర్తిగా ఖాళీ అయిందో లేదో లోపల చూస్తే గానీ తెలియదు, మిగిలితే మళ్లీ నిండుతుంది, మెడలోకీ దిగవచ్చు. ఉప్పునీళ్లు పుక్కిలించండి, మంచిదే, కానీ మందుకు బదులుగా కాదు. ఎవరితోనూ వేలు పెట్టి నొక్కించుకోవద్దు, దాని వెనకే మెడలోని పెద్ద రక్తనాళం ఉంటుంది. ఊపిరి ఆడకపోయినా, మెడ బయటికి వాచినా, ఉమ్మి మింగలేకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి.