చందమామకూ సీరియల్‌కూ మధ్య మెట్టు
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఎదిగే వయసు పిల్లల గురించి, ఆ పిల్లలే చదువుకునేలా, ఇవాళ్టి జీవితంలోంచి రాసిన కథలు తెలుగులో ఎక్కడున్నాయి, ఎలా ఉండాలి అన్నదే ఆ విషయం. ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు మాధ్యమమే అయినా తెలుగు తడుముకోకుండా చదువుతుంది. కానీ చేతిలో ఎప్పుడు చూసినా ఇంగ్లీషు నవలే ఉంటుంది. అడిగితే, “తెలుగులో నా వయసు వాళ్ళ గురించి ఉంటే ఇవ్వు, చదువుతాను” అంది. పుస్తకాల దుకాణంలో వెతికితే రాజకుమారుల కథలు, నీతి కథలు, లేకపోతే పెద్దవాళ్ళ నవలలు కనిపించాయి. నిజంగానే లేవా, నాకు దొరకలేదా?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: అసలే లేవని అనను గానీ, మీరు ఎక్కువ వెతకలేదని కూడా అనలేను. మన చదువు మెట్లలో ఒకటి మొదటినుంచీ లోపించింది. 1947 జూలైలో మొదలైన చందమామ చిన్నపిల్లలకు కథలు చదివే అలవాటు నేర్పింది. వారపత్రికల సీరియళ్ళు పెళ్ళి వయసు వచ్చినవాళ్ళ కష్టసుఖాలు చెప్పాయి. ఈ రెండింటికీ నడుమ ఉన్న ఆరేడేళ్ళను మాత్రం ఎవరూ తమ బాధ్యత అనుకోలేదు. మా తరం ఆ మెట్టును ఒక్క గంతులో దాటేసింది. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం వేళ, పెద్దవాళ్ళు నిద్రపోయాక, అమ్మ తలగడ కింది వారపత్రిక తీసి చదివినవాళ్ళమే అందరమూ. అందులో మాకు అర్థమైనది సగం, తప్పుగా అర్థమైనది మరో సగం.

దొరికేవాటిలో ముందుగా మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ ఆమె చేతిలో పెట్టండి. మొదటిదానిలో నెల్లూరు వైపు ముస్లిం కుటుంబపు పిల్లవాడు, రెండోదానిలో చిత్తూరు వైపు సేద్యగాళ్ళ ఇంటి పిల్లవాడు తమ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే కథ చెబుతారు. ఆ మాటలు మీ అమ్మాయికి మొదటి నాలుగైదు పేజీలు కొత్తగా తోచవచ్చు. పైకి చదవమనండి, కళ్ళకు పట్టుబడనిది చెవికి పట్టుబడుతుంది.

అయితే వాటిని ఇచ్చినంత మాత్రాన ఆమె అడిగినది ఇచ్చినట్టు కాదు. అవి పెద్దయినవాళ్ళు వెనక్కి తిరిగి చూసి చెప్పిన బాల్యాలు. ఆ పిల్లవాడు దెబ్బలు తిన్నా, ఆకలితో పడుకున్నా, చివరకు గట్టెక్కి రచయిత అయ్యాడని చదివేవారికి ముందే తెలుసు. పద్నాలుగేళ్ళ పిల్లకు కావలసిన కథలో, చెప్పే మనిషికి రేపు ఏం జరుగుతుందో తెలియకూడదు. 1967లో అమెరికాలో ఎస్.ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’ వెలువడినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్ళు. రాయడం మొదలుపెట్టినది బడిలో ఉండగానే. కథ చెప్పే పిల్లవాడికి పద్నాలుగు. మీ అమ్మాయి ఇంగ్లీషు నవలల వైపు పోతున్నది భాష మీద మోజుతో కాదేమోనని నా అనుమానం. తనలాగే ఏమీ తేలకుండా ఉన్న మనిషి అక్కడ కనిపిస్తున్నందుకేనేమో. ఆ నవలలను ఆమె చేతిలోంచి లాక్కోకండి.

ప్రశ్న: ఈ రచనలను ఏమని పిలవాలి? బాల సాహిత్యమా, యువ సాహిత్యమా, కౌమార సాహిత్యమా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పది నుంచి పంతొమ్మిదేళ్ళ దాకా కౌమారమే కాబట్టి ఆ మాటలో తప్పులేదు. కాకపోతే పుస్తకం అట్ట మీద ‘కౌమార’ అని కనిపిస్తే పిల్లలు దాన్ని ఆరోగ్య కేంద్రంలో పంచే కరపత్రం అనుకుంటారు. ‘టీనేజ్ కథలు’ అంటే చాలు. ఆ మాట వాళ్ళు వాడుతున్నదే.

ప్రశ్న: నేను ఒక బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిని. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన ఓణీల ఫంక్షన్ గురించి కథ రాసి తెచ్చింది. తాను పెద్దమనిషి అయిన సంగతి, మేనమామ తెచ్చిన పట్టు లంగా తనకు నచ్చడం, వీధి మలుపులో తన ఫొటోతో కట్టిన ఫ్లెక్సీ, మర్నాడు దాని కిందినుంచే బడికి నడిచి రావడం, అన్నీ ఉన్నాయి. చదివి నేను కదిలిపోయాను. దీన్ని పాఠశాల పత్రికలో వేయవచ్చా? తోటి ఉపాధ్యాయులు “ఇలాంటివి పిల్లలకు ఎందుకు” అంటున్నారు.
— ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: మీ సహోద్యోగుల అభ్యంతరానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలిక. ఊరంతటికీ భోజనాలు పెట్టి, మైకు పెట్టి, పన్నెండు అడుగుల ఫ్లెక్సీ కట్టి చాటిన విషయాన్ని ఆ పిల్ల రెండు పేజీలలో తన మాటగా రాసుకుంటే అది చెప్పకూడని విషయం ఎలా అవుతుంది? ఇటువంటి గొడవ మనకే పరిమితం కాదు. 1970లో అమెరికాలో జూడీ బ్లూమ్ రాసిన, పదకొండేళ్ళ మార్గరెట్ అనే అమ్మాయి కథలో నెలసరి కోసం ఎదురుచూడటం, తనది ఏ మతమో తేల్చుకోలేకపోవడం ఉన్నాయని ఎన్నో బడి గ్రంథాలయాలలో ఆ పుస్తకాన్ని తీసేయమని పట్టుబట్టారు. అమ్మాయిలు మాత్రం దాన్ని చదువుతూనే వచ్చారు.

ఇక అచ్చు వేయడం సంగతి. ఇక్కడ నేను తొందరపడవద్దంటాను, కారణం మాత్రం మీ సహోద్యోగులు చెప్పినది కాదు. పాఠశాల పత్రిక ఆ ఊరి ఇళ్ళలోకే వెళుతుంది. పేరు మార్చినా, ఏ వీధి మలుపులో ఎవరి ఫ్లెక్సీయో అందరికీ తెలుసు. అడగకుండా ఒకసారి ఆమె ముఖాన్ని వీధిలో కట్టారు; మెచ్చుకుంటూనే మనమూ అదే పని చేయకూడదు. కథ చదివిన మర్నాడే కాకుండా, ఓ రెండు వారాలు ఆగి, ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. వద్దంటే ఆ కాగితాలు ఆమెకే తిరిగి ఇచ్చేయండి. సరేనంటే ఇంట్లోవాళ్ళతో ఎలా చెప్పాలో ఇద్దరూ కలిసి ఆలోచించండి. ఊరూ, బంధువుల వరసలూ మార్చి, పేరు లేకుండా బయటి పత్రికకు పంపే దారి కూడా ఉంది.

కథ గురించి ఒక మాట. ఫంక్షన్ అంతటినీ తిట్టే కథగా దాన్ని దిద్దకండి. మేనమామ తెచ్చిన పట్టు లంగా తనకు నచ్చిందని ఆమె రాసిందన్నారు. ఆ నచ్చడమూ, ఫ్లెక్సీ కింద తల వంచుకుని నడవడమూ ఒకే పిల్లలో ఒకే వారంలో ఉన్నాయి. పెద్దవాళ్ళం రాస్తే వీటిలో ఒకదాన్ని తప్పకుండా కొట్టేసేవాళ్ళం.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. నా మాట తీరు చూసి గదిలోవాళ్ళు నవ్వేవారు. దాని మీద కథ రాశాను. చివర్లో హీరో వక్తృత్వ పోటీలో తన యాసలోనే మాట్లాడి మొదటి బహుమతి గెలుస్తాడు, అందరూ లేచి చప్పట్లు కొడతారు. ఒక పత్రిక తిప్పి పంపింది. కథ జతచేస్తున్నాను. తప్పెక్కడుంది?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: నీ కథ రెండుసార్లు చదివాను బాబూ. మొదటి మూడు పేజీలు నువ్వు రాశావు, చివరి రెండు పేజీలు నువ్వు చూసిన సినిమాలు రాశాయి. ఆ చప్పట్ల మాట నీకూ నమ్మకం లేదు; ఉంటే గదిలో నవ్వినవాళ్ళలో ఒక్కడి ముఖమైనా ఆ హాలులో కనిపించేది. బహుమతి వస్తేనే యాసకు విలువ అన్నట్టు అయింది. రెండో బహుమతి వస్తే ఆ కుర్రవాడు ఏం కావాలి?

నువ్వు దాటిపోయిన చోటు మూడో పేజీలో ఉంది. ‘ఏటి’ అన్నందుకు నవ్వారని మీ వాడు ‘ఏంటి’ అనడం నేర్చుకుంటాడు. ‘బేగి’ (త్వరగా) మానేస్తాడు, ‘గుంటడు’ (కుర్రవాడు) మానేస్తాడు. అద్దం ముందు సాధన చేస్తాడని రాశావు, అది నాకు అంతగా నచ్చలేదు. ఎవరైనా రాసే వాక్యం అది. స్టడీ అవర్లో పుస్తకం వెనక అట్ట మీద మానేయవలసిన మాటల జాబితా రాసుకున్నాడన్నావే, అది నీది. ఆ తరువాత ఆదివారం, హాస్టల్ ఫోన్ దగ్గర వరుసలో నిలబడి, వంతు వచ్చాక వాళ్ళమ్మతో “ఏంటమ్మా, చెప్పు” అంటాడు. అవతల ఆమె కాసేపు మాట్లాడదు. తరువాత “బాగున్నారా బాబూ?” అని అడుగుతుంది. ఎన్నడూ ‘ఒరే’ తప్ప మరో మాట అనని తల్లి, కొడుకును ‘మీరు’ అన్నట్టు మాట్లాడింది. దీన్ని నువ్వు రెండు వాక్యాలలో ముగించి పోటీ గదిలోకి పరుగెత్తావు.

నీ కథ ఆ ఫోన్ దగ్గరే ఉంది. వాడు మార్చుకున్నది గదిలోవాళ్ళ కోసం, తగిలినది ఇంట్లో. తనను తాను ఎవరనుకోవాలో వాడికి ఆ క్షణంలో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. వెనక నిలబడినవాడు “బేగా కానీయ్” అనకుండా “తొందరగా” అని కసురుతున్నాడనుకో, వాడు ఆ తల్లికి ఏ మాటలో జవాబు చెబుతాడు? అది రాయి. మొదటి పేజీలోని పరిచయ వాక్యాలు నాలుగూ కొట్టేయి. పోటీ మొత్తం తీసేయి. వాళ్ళమ్మ మాటలను మాత్రం మీ ఇంట్లో ఎలా వినిపిస్తాయో అలాగే ఉంచు, సంపాదకులకు అర్థం కాదేమోనని పుస్తకాల భాషలోకి మార్చకు. ఐదు పేజీల కథ మూడున్నర పేజీలవుతుంది. పరీక్షలు అయ్యాక నాకే పంపు.