లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) తగ్గిన పిల్లలకు పెద్దయ్యాక కూడా చెకప్‌లు అవసరమా?

మీ బాబుకి కీమో పూర్తయింది, ఐదేళ్లు దాటితే ఇక డాక్టర్ అవసరం లేదంటున్నారు, నిజమేనా అని అడిగారు. అస్సలు నిజం కాదు. ఐదేళ్లు దాటితే జబ్బు తిరగబెట్టే భయం బాగా తగ్గుతుంది, అంతవరకే. ఎక్కించిన మందుల ప్రభావం అంత తొందరగా వదలదు.

మా చెల్లికి ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చి తగ్గింది. సంబంధాలు చూడటం మొదలవగానే మా అమ్మ ఆసుపత్రి కాగితాలన్నీ నీళ్ల కాగు కింద పెట్టి కాల్చేసింది, ఎవరి కంటా పడకూడదని. పెళ్లికి ముందే బావకి చెల్లి చెప్పేసింది గానీ అత్తగారికి తెలియదు.

ఏడో నెలలో ఆయాసం మొదలైంది. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టేది కాదు. కడుపుతో ఉన్నప్పుడు మామూలేనంది అత్తగారు. చెకప్‌లో కాళ్ల వాపు చూసి డాక్టరమ్మ, "చిన్నప్పుడు పెద్ద జబ్బేమైనా చేసిందా?" అంటే చెల్లి అత్తగారి వంక చూసి నోరు మెదపలేదు. ఆవిణ్ని బయట కూర్చోబెట్టాకే చెప్పింది. ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండె పంపింగ్ 40 శాతం. మామూలుగా 55 పైన ఉండాలి.

ఏ మందు, ఎంత ఎక్కించారు? కాగితాల్లేవు. అప్పట్లో వైద్యం చేసిన ఆసుపత్రివాళ్లు పాత రికార్డులు తీసేశామన్నారు. అమ్మకి ఫోన్ చేస్తే, "ఎర్ర మందు తల్లీ, ఎక్కించిన రోజు ఒంటేలు కూడా ఎర్రగా వచ్చేది" అంది. డాక్టరమ్మకి ఆ ఒక్క మాట చాలింది. డాక్సోరూబిసిన్, డౌనోరూబిసిన్ అనే కీమో మందులు రెండూ ఎర్రగానే ఉంటాయి. గుండె కండరాన్ని దెబ్బతీసేవీ అవే, అదీ ఒక్కోసారి ఇరవయ్యేళ్ల తర్వాత. మొత్తం డోసు పెరిగేకొద్దీ ప్రమాదం. కార్డియాలజిస్టు కనిపెట్టుకుని ఉండబట్టి కాన్పు సవ్యంగా జరిగింది. చెల్లి మాత్రం గుండెకి మాత్రలు ఇప్పటికీ వేసుకుంటోంది.

నన్నడిగితే మన దగ్గర ఈ పిల్లలకి క్యాన్సర్ కంటే పెళ్లిచూపులే ఎక్కువ చేటు చేస్తున్నాయి. ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు. ఎప్పుడో పలకా బలపం పట్టిన వయసులో తగ్గిపోయిన జబ్బు పేరు ఫారంలో రాస్తే చెల్లికి పాలసీ ఇవ్వలేదు. ఫ్రాన్స్‌లో 2016లోనే చట్టం తెచ్చారు, క్యాన్సర్ తగ్గి నిర్ణీత కాలం గడిచాక అప్పుకి బీమా తీసుకునేటప్పుడు ఆ సంగతి చెప్పక్కర్లేదని. మనకి అలాంటిది ఎప్పుడొస్తుందో! కీమోకి చందాలిచ్చిన బంధువులున్నారు, ఎకోకి ఇచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. పైగా వాట్సాప్‌లో ఏదో ఆకు కషాయం పంపిస్తారు.

వైద్యం పూర్తయిన పిల్లల్ని చూడటానికే ముంబయి టాటా మెమోరియల్‌లో 1991 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. మన ఊళ్లలో పద్దెనిమిది దాటగానే పిల్లల డాక్టరు పెద్దల డాక్టరు దగ్గరికి పొమ్మంటాడు, ఆయనేమో "తగ్గిపోయిందిగా" అంటాడు.

అందుకే కాగితాలు ఇప్పుడే అడగండి. మందుల పేర్లు, ఒక్కోటి మొత్తం ఎంత ఎక్కించారో, రేడియేషన్ ఇస్తే ఎక్కడ ఎంత ఇచ్చారో రాయించుకోండి. తలకి ఇచ్చి ఉంటే ఎదుగుదల, థైరాయిడ్, చదువు మీద కన్నేసి ఉంచాలి. స్టెరాయిడ్లు వాడారు, వాటితో తుంటి ఎముక దెబ్బతినొచ్చు కాబట్టి తుంటి నొప్పి అంటే ఆటల్లో దెబ్బని కొట్టిపారేయకండి. ఆ కాగితాలు ఫొటో తీసి మీ మెయిల్‌లో ఒకటి, బాబు పెద్దయ్యాక వాడి మెయిల్‌లో ఒకటి పెట్టండి. పెళ్లి సంగతి అప్పుడు చూసుకుందురుగాని, ముందు ఎకో ఎన్నాళ్లకోసారి తీయించాలో డాక్టర్‌ని అడగండి.